కార్డు మాత్రం ఇయ్యం

మా ఇంట్లో ఒక ఇనుప సందూక ఉంది. అమ్మీ పెళ్ళికి ఆమె పుట్టింటివాళ్ళు ఇచ్చింది. మూత సొట్టపోయింది, తాళం ఎప్పుడో పోయింది. అయినా ఇంట్లో అన్నిటికన్నా భద్రమైన చోటు అదే. ఇంటి కాగితం, రేషన్ కార్డు, అబ్బా ఏడో తరగతి టీసీ, దాదా పేరు ఒక్కో అక్షరం ఒక్కో తీరుగా రాసిన పాత ఓటరు చీటీలు అందులోనే ఉంటాయి. అన్నిటికీ పైన, ప్లాస్టిక్ కవర్లో, మా అన్న బిడ్డ టీకాల కార్డు ఉంటుంది. మడతల దగ్గర చిరిగితే అమ్మీ గోధుమపిండి మైదంతో అతికించింది. ఆ కార్డు కోసం మేం ఒకసారి డబ్బు వదులుకున్నాం. ఆ కథ చెప్పాలనే ఇది రాస్తున్నాం.

మాది రఘునాథపల్లి. మేం పుట్టినప్పుడు వరంగల్ జిల్లా. 2016 అక్టోబర్ 11 నుంచి జనగామ జిల్లా. హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే రోడ్డు మా ఊరి పక్క నుంచే పోతుంది, రైలు స్టేషనూ ఉంది. అబ్బాది రోడ్డు మీద పంక్చర్ దుకాణం. అన్న డీసీఎం నడుపుతాడు. ఊళ్ళో మా ఇళ్ళు కొన్నే. పీర్ల పండుగకు అందరం కలిసి అలాయి చుట్టూ ఆడినవాళ్ళమే. అబ్బాను ఊరంతా ‘సాయిబన్నా’ అని పిలుస్తుంది. ఆయనకు ఇంకో పేరుందని చాలామందికి తెలియదు. మాకూ అది ఎప్పుడూ కొరతగా అనిపించలేదు. కేసు వేసినప్పుడే ఆ పేరు ఎట్లా రాయాలో నలుగురం కూర్చొని తేల్చుకోవలసి వచ్చింది.

2016 వానాకాలం. పాపకు పదిహేడు నెలలు. పదహారు, ఇరవై నాలుగు నెలల మధ్య వేయాల్సిన బూస్టర్ సూది బాకీ ఉంది. మా దగ్గర టీకాలు బుధ, శనివారాల్లో వేస్తారు. ఆ వారం మేం ఊళ్ళో లేం, బాబీ వాళ్ళ అన్న పెళ్ళికి పోయినం. తిరిగి వస్తూ, ఆలస్యం ఎందుకని ఒక పట్నంలో ప్రైవేటు క్లినిక్‌కు తీసుకుపోయినం. ఆ పట్నం పేరూ, క్లినిక్ పేరూ ఇక్కడ రాయడం లేదు. ఎందుకు రాయడం లేదో ముందు ముందు చెబుతాం.

సూది వేసింది డాక్టరు కాదు, కాంపౌండరు. పాపను బోర్లా పడుకోబెట్టి పిరుదు మీద వేశాడు. పాప ఏడ్చింది. సూదికి ఏ పిల్ల ఏడ్వదు? నాలుగు వందలు కట్టి, చీటీ తీసుకొని వచ్చేశాం. తెల్లారి పాప కుడి పాదం నేలమీద ఆనడం లేదు. ముందు భాగం వేలాడుతోంది. నొప్పికి అట్లా చేస్తోందనుకున్నాం. మూడు రోజులైనా అట్లనే ఉంది. అమ్మీ వేడి కాపడం పెట్టింది, దువా చదివి ఊదింది. నాలుగో రోజు వరంగల్ ఎంజీఎంకు పోయినం.

అక్కడ మాకు తెలియని ఒక లెక్క మొదలైంది. పదిహేనేళ్ళలోపు పిల్లలకు కాలో చెయ్యో ఉన్నట్టుండి మెత్తబడిపోతే, కారణం ఏదైనా సరే, పోలియో కాదని తేలేదాకా దాన్ని పైకి తెలియజేయాలి. పద్నాలుగు రోజుల లోపల, కనీసం ఇరవై నాలుగు గంటల తేడాతో, రెండుసార్లు మలం తీసి ల్యాబుకు పంపాలి. మంచి పద్ధతే. అట్లా ఒక్కో బిడ్డ వెంట పడబట్టే 2011 జనవరిలో హౌరాలో దొరికిన కేసు దేశంలో చివరి పోలియో కేసు అయింది, 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ఆరోజు మాత్రం మా ఇంటిముందు ఒక సర్కారు జీపు ఆగింది. ఐస్ పెట్టిన డబ్బాతో ఇద్దరు దిగిండ్రు. అంతే, సాయంత్రానికి ఊరంతా ఒకే మాట.

“సాయిబుల ఇంట్ల పోలియో వచ్చిందట.”

“రాదా మరి? వాళ్ళు చుక్కలు ఏయించుకోరు గదా.”

ఈ మాట అన్నది శత్రువులు కాదు. మా దుకాణంలో గాలి కొట్టించుకునేవాళ్ళే. పోలియో ఆదివారం నాడు బూతు దగ్గర మా బాబీతో కలిసి నిలబడ్డవాళ్ళే. చూసిన దానికన్నా విన్నదే నిజమైపోయింది వాళ్ళకు. ఎక్కడో ఉత్తరాన కొన్ని మొహల్లాల్లో చుక్కలు వద్దన్నారని పేపర్లో వచ్చిన వార్త మా గడపకు వచ్చి అంటుకుంది. అమ్మీ సందూక తెరిచి కార్డు తీసింది. పుట్టిన రోజు వేసిన చుక్క మొదలు తొమ్మిది నెలల సూది దాకా అన్ని గళ్ళూ నిండి ఉన్నాయి, ఏఎన్ఎం సిస్టరమ్మ సంతకాలతో. కానీ ఎవరికి చూపించాలి? ఎవరూ ఎదురుగా అడగరు గదా. అడిగితే చూపించవచ్చు. అడగనివాళ్ళకు ఏం చూపిస్తాం?

మావాళ్ళు ఊరుకున్నారా అంటే అదీ లేదు. శుక్రవారం నమాజు తర్వాత ఒక పెద్దమనిషి అన్నకు నీతి చెప్పాడు. “ఎన్నిసార్లు చెప్పినం? ఆ సూదుల్లో ఏం కలుపుతున్నరో ఏమో. మన నస్ల్ పెరగొద్దని చేస్తున్నరు.” అన్నకు కోపం వచ్చి, “చాచా, మీరు హజ్‌కు పోయినప్పుడు సూది వేయించుకోలేదా? అది వేయించుకోకుంటే వీసా రాదు గదా” అన్నాడు. హజ్‌కు పోయే ప్రతివాళ్ళకూ మెదడువాపు టీకా తప్పదు. ఆయన దగ్గర జవాబు లేదు. అన్న ఆ రాత్రి అన్నం తినలేదు. ఇటువాళ్ళకు మేం టీకాలు వేయించనివాళ్ళం. అటువాళ్ళకు వేయించి చెడినవాళ్ళం. మధ్యలో పాప ఒంటికాలి మీద గోడ పట్టుకొని నిలబడుతోంది.

రెండు నమూనాల్లోనూ పోలియో వైరస్ లేదని రిపోర్టు వచ్చింది. తర్వాత హైదరాబాద్‌లో నరాల పరీక్ష చేయించాం. పిరుదులో నుంచి కాలికి దిగే పెద్ద నరం ఒకటుంటుంది, సయాటిక్ అంటారు. సూది దాని దగ్గర పడితే పాదం ఇట్లా వాలిపోతుందని డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. అందుకే పసిపిల్లలకు టీకా పిరుదుకు వేయకూడదు, తొడకు ముందువైపు, బయటి పక్కన వేయాలి. ఈ సంగతి మా ఊరి సిస్టరమ్మకు తెలుసు. ఆమె ఎన్నో ఏళ్ళుగా అట్లాగే వేస్తోంది. “నా దగ్గరికి ఇంకో బుధవారం తేవొద్దా బిడ్డా” అని ఆమె మా బాబీని పట్టుకొని ఏడ్చింది.

అంటే మందుది తప్పు కాదు. సూది పడిన చోటుది. ఈ తేడా మాకు అర్థమైంది. ఊరికి అర్థం చేయించలేకపోయాం.

2017లో కేసు వేశాం. జిల్లా జనగామ అయినా వినియోగదారుల ఫోరం కోసం వరంగల్ వైపే పోవాలి. పుష్‌పుల్ ఎక్కి కాజీపేటలో దిగేవాళ్ళం. వకీలు సార్ మొదటిరోజే ఒక వింత సంగతి చెప్పిండు. 1995లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, డబ్బు తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని చెప్పింది. అందరికీ ఉచితంగా చేసే చోట అది వర్తించదన్నది. “మీరు నాలుగు వందలు కట్టిండ్రు గనుక ఈ ఫోరంకు రాగలిగిండ్రు. అదే సూది సర్కారు దవాఖానలో ఉత్తగ వేసి ఉంటే ఈ తలుపు మీకు లేదు, సివిల్ కోర్టుకు పోవాలె” అన్నాడు. బీదవాళ్ళు ఎక్కువగా పోయేది ఎక్కడికి? ఉచితంగా వేసే చోటికే గదా.

ఇంకొక కేసు కూడా ఆయనే చెప్పిండు. హైదరాబాద్‌లో మలేరియా శాఖలో పనిచేసే కిషన్‌రావు అనే ఉద్యోగి భార్యకు జ్వరం వస్తే, ఒక ప్రైవేటు ఆసుపత్రి మలేరియాకు కాకుండా టైఫాయిడ్‌కు వైద్యం చేసింది. ఆమె చనిపోయింది. ప్రతి కేసులోనూ ఇంకో డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పవలసిన పనిలేదని 2010లో సుప్రీంకోర్టు ఆ కేసులో తేల్చింది. మలేరియా శాఖ మనిషి ఇంట్లోనే మలేరియా పట్టుకోలేకపోయిండ్రని విని అబ్బా చాలాసేపు మాట్లాడలేదు.

క్లినిక్ వాళ్ళ కౌంటరు వచ్చింది. ఇంగ్లీషులో పన్నెండు పేజీలు. వకీలు సార్ చదివి తెలుగులో చెప్తుంటే ఒక చోట ఆగిండు. అందులో ఇట్లా ఉంది: కొన్ని వర్గాల్లో టీకాల పట్ల విముఖత ఉందని అందరికీ తెలిసిందే కనుక, ఈ పాపకు పోలియో చుక్కలు సక్రమంగా వేయించారన్న నమ్మకం లేదు, కాలి బలహీనతకు అదే కారణమై ఉండవచ్చు.

ల్యాబు రిపోర్టు వాళ్ళ ముందు ఉంది. కార్డు నకలు వాళ్ళ ముందు ఉంది. అయినా ఆ మాట రాసిండ్రు. మా పేరు చూసి రాసిండ్రు. ఊరివాళ్ళు అరుగు మీద అన్న మాట ఇప్పుడు స్టాంపు వేసిన కాగితం మీదికి ఎక్కింది. ఆరోజు రైల్లో అబ్బా ఒకటే అన్నాడు. “పైసలు రాకుంటే మానె. ఆ మాట మాత్రం కొట్టేయించాలె.”

అదే ఏడు ఆగస్టులో తట్టు, రుబెల్లా టీకా బళ్ళలో వేయడం మొదలుపెట్టిండ్రు. మొహల్లాలో భయం. ఫోన్లలో ఏవేవో వీడియోలు. ఆడవాళ్ళు మా ఇంటికి వచ్చి బాబీని అడిగేవాళ్ళు. “నీ బిడ్డ కాలు చూస్తుంటే భయమైతంది. మా పిల్లలకు వేయించాలెనా వద్దా?” బాబీకి ఎంత కష్టమైన ప్రశ్న! ఏడ్చి ‘వద్దు’ అంటే ఆ గల్లీలో ఒక్క బిడ్డకూ పడేది కాదు. బాబీ కార్డు తెచ్చి చూపించింది. “మందు వేయించండి. ఎవరు వేస్తున్నరో, ఎక్కడ వేస్తున్నరో చూసి వేయించండి. చెయ్యికి వేసేది చెయ్యికే వేయమనండి” అన్నది. ఆమె చదివింది ఆరో తరగతి.

లౌకికవాద మిత్రులు మమ్మల్ని అడుగుతుంటారు, మీవాళ్ళకు టీకాలంటే ఎందుకంత అనుమానం అని. మేం వాళ్ళను ఖమ్మం జిల్లాకు తీసుకుపోతాం. 2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసిండ్రు. పాథ్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. ఎందరో ఆదివాసీ పిల్లలు, ఆశ్రమ హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపిండ్రు. ఆ చావులకూ టీకాకూ సంబంధం లేదని విచారణలో చెప్పిండ్రు. కావచ్చు. ఆ టీకా ఎన్నో దేశాల్లో ఆడవాళ్ళను కాపాడుతున్నదన్నదీ నిజమే. కానీ 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఇంకో లెక్క ఉంది. 9,543 అంగీకార పత్రాలు చూస్తే 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. తల్లిదండ్రులు ఎక్కడ? పిల్లల ఒంటికి సూది, వార్డెన్ చేతికి కలం. ఆ సంగతి సుప్రీంకోర్టుకు ఎక్కింది. పార్లమెంటు సంఘం నివేదికను కోర్టు చూడవచ్చునా లేదా అన్న ఒక్క ప్రశ్న తేలడానికే 2018 మే 9 దాకా పట్టింది. చూడవచ్చు అని తేలింది.

ఆ పిల్లలు ముస్లింలు కాదు. అనుమానానికి మతం లేదు మిత్రులారా. అడగకుండా చెయ్యి పట్టుకున్న ప్రతిచోటా అది పుడుతుంది. అడిగి, చెప్పి, తప్పు జరిగితే ఒప్పుకుంటే అది పుట్టదు.

2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో టీకా వేసిన పసిపిల్లలకు జ్వరం గోళీకి బదులు ట్రమడాల్ అనే నొప్పి గోళీ ఇచ్చిండ్రు. ఇద్దరు పసివాళ్ళు చనిపోయిండ్రు. ఎందరో పిల్లలు నీలోఫర్ దవాఖాన పాలయ్యిండ్రు. అక్కడా తప్పు టీకాది కాదు, గోళీది. కానీ ఆ తల్లుల చెవుల్లో పడింది ‘టీకా’ అన్న మాటే. ఆ వార్త వచ్చిన రోజు బాబీ పాపను ఒళ్ళోంచి దించలేదు.

ఇంకో దేశంలో అయితే ఏమయ్యేదో మా వకీలు సార్ చెప్పేవాడు. అమెరికాలో 1986లోనే చట్టం చేసిండ్రు. ప్రతి టీకా మీద, అది ఆపే ఒక్కో జబ్బుకు 75 సెంట్ల చొప్పున పన్ను వేసి నిధి పెట్టిండ్రు. దెబ్బతిన్నవాళ్ళు ఎవరి నిర్లక్ష్యమో రుజువు చేయనక్కరలేదు. సూది తప్పుగా పడి భుజం దెబ్బతినడాన్ని 2017లో ఆ జాబితాలో చేర్చిండ్రు. బ్రిటన్‌లో 1979 నుంచి చట్టం ఉంది. నూటికి అరవై పాళ్ళు వైకల్యం తేలితే లక్షా ఇరవై వేల పౌండ్లు. మా కేసు నడిచిన రోజుల్లో మనకు అటువంటి నిధి లేదు. అందరి మేలు కోసం అందరూ వేయించుకునే టీకా వల్ల ఒక్క బిడ్డ నష్టపోతే, ఆ బరువు ఆ ఒక్క ఇల్లే మోయాలి.

2019 చివర్లో రాజీ మాట వచ్చింది. క్లినిక్‌కు బీమా ఉందట, ఇచ్చేది బీమా కంపెనీ. మేం అడిగింది ఎనిమిది లక్షలు. వాళ్ళు ఇస్తామన్నది మూడు. మూడు షరతులు పెట్టిండ్రు. తప్పు ఒప్పుకున్నట్టు కాదు. బయట ఎక్కడా పేరు చెప్పొద్దు. అసలు కాగితాలన్నీ, టీకాల కార్డుతో సహా, వాళ్ళకు అప్పజెప్పాలి.

ఆ నెల గుర్తుందా మీకు? 2019 డిసెంబర్. పౌరసత్వ సవరణ చట్టం పాసైంది. తర్వాత ఎన్‌ఆర్‌సీ వస్తుందని, పుట్టిన కాగితాలు చూపించాలని ఊరూరా భయం. మసీదులో ఒకటే మాట, కాగజ్ సరిచేసుకోండి. దాదా పేరు నాలుగు తీర్లుగా ఉన్న చీటీలు ముందేసుకొని అబ్బా రాత్రుళ్ళు కూర్చునేవాడు. పాప పుట్టిన తేదీ, తల్లి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు, సర్కారు మనిషి సంతకం, అన్నీ సరిగ్గా ఉన్న కాగితం మా ఇంట్లో ఆ కార్డు ఒక్కటే. దాన్ని ఇమ్మంటున్నారు.

“కార్డు మాత్రం ఇయ్యం” అన్నాడు అబ్బా.

వకీలు సార్ నచ్చజెప్పిండు. నకలు ఉంచుకోవచ్చన్నాడు. అబ్బా వినలేదు. ఇంకొకటి కూడా అడిగిండు. కౌంటరులో రాసిన ఆ మాటను వెనక్కి తీసుకోవాలి. రాజీ పత్రంలో ఒక వాక్యం రాయాలి. బేరం రెండు వారాలు నడిచింది. చివరికి వాళ్ళు ఒప్పుకున్నారు, డబ్బు తగ్గించి. మూడు లక్షలు రెండుంబావు అయింది. రెండుంబావు లక్షలకు రాజీ పత్రం. అందులో ఆరో పేరా ఇది: ‘పాపకు వయసు ప్రకారం టీకాలన్నియు తల్లిదండ్రులు వేయించియున్నారు. పాపకు పోలియో సోకలేదు.’

ఆ వాక్యానికి మేం పెట్టిన ధర డెబ్బై అయిదు వేలు. పాప వైద్యానికి పనికొచ్చే డబ్బు. మేం చేసింది తప్పా? అన్న ఇప్పటికీ ఒకోసారి అంటాడు, ఆ డబ్బుతో ఎన్ని నెలల ఫిజియోథెరపీ అయ్యేదో అని. అబ్బా జవాబు చెప్పడు. ఇజ్జత్ ముఖ్యమా, బిడ్డ కాలు ముఖ్యమా అని తూకం వేయవలసిన గతి మాకెందుకు పట్టిందని మాత్రం మేం అడుగుతాం. అదే ప్రమాదం ఇంకో పేరున్న ఇంట్లో జరిగితే, ఆ వాక్యం కొనుక్కోవలసి వచ్చేదా?

పాప మైనరు కనుక డబ్బు ఆమె పేరున బ్యాంకులో వేయాలన్నారు, పద్దెనిమిదేళ్ళు నిండేదాకా. ఇంట్లో మళ్ళీ పంచాయితీ. వడ్డీ హరామ్ అని నానీమా. అసలు తీయరాదు, వడ్డీ ముట్టరాదు, మరి పట్టీ ఎట్లా కొనాలి అని బాబీ. పాదం వాలకుండా పెట్టే ప్లాస్టిక్ పట్టీ పిల్ల పెరిగేకొద్దీ మార్చాలి. చివరికి నానీమాయే దారి చూపింది. “ఆ వడ్డీని బీదవాళ్ళకే ఇయ్యాలె గదా. మనకన్న బీదోళ్ళు ఎవరు?” అని నవ్వింది. ఆ నెలల్లో ఇంట్లో అందరం నవ్వింది ఆ ఒక్కసారే.

2020 జనవరిలో సంతకాలు పెట్టాం. రెండు నెలలు తిరగలేదు, కరోనా వచ్చింది. మర్కజ్‌కు పోయినవాళ్ళ వల్లనే రోగం వచ్చిందని టీవీలు మొత్తుకున్నాయి. మా ఇంటినుంచి ఢిల్లీకి ఎవరూ పోలేదు. అయినా అబ్బా దుకాణం ముందు బండ్లు ఆగలేదు. విదేశీ తబ్లీగీలను బలిపశువులను చేసిండ్రని ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం చెప్పింది. ఆ తీర్పు మా ఊరి అరుగు దాకా రాలేదు. మా ఆరో పేరా కూడా రాలేదు. ఫైల్లోనే ఉండిపోయింది.

2021లో కరోనా టీకా వచ్చినప్పుడు అబ్బా మొదటి వరుసలోనే నిలబడ్డాడు. “నీ మనవరాలికి గట్లయినంక గూడ ఏయించుకుంటున్నవా సాయిబన్నా?” అని ఎవరో అడిగిండ్రు. అబ్బా చొక్కా చేయి మడిచి, “ఈడ ఏయమను” అని భుజం చూపించాడు. అంతకన్నా ఏం మాట్లాడలేదు.

ఆ టీకా తర్వాత తమ పద్దెనిమిదేళ్ళ బిడ్డ చనిపోయిందని హైదరాబాద్ తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు పోయిండ్రు. టీకా వేయించుకోవడం ఎవరి ఇష్టం వారిదనీ, పరిహారం తమ బాధ్యత కాదనీ, కావాలంటే సివిల్ కోర్టుకు పోవచ్చుననీ 2022 నవంబర్‌లో కేంద్రం జవాబు రాసింది. అదే ఏడాది కేరళలో భర్తను పోగొట్టుకున్న ఒక ముస్లిం స్త్రీ హైకోర్టు తలుపు తట్టింది. ఇటువంటివాళ్ళకు పరిహారం ఇచ్చేందుకు మార్గదర్శకాలు చేయండని ఆ కోర్టు ఉత్తర్వు ఇస్తే, కేంద్రం దానిమీద సుప్రీంకోర్టుకు పోయింది. ఆ వార్తలు చదివినప్పుడు హిందూ తల్లి, ముస్లిం భార్య అన్న తేడా మాకు తోచలేదు. అందరూ మా పుష్‌పుల్‌లోనే, మా పక్క సీట్లోనే కూర్చొని ఉన్నట్టు అనిపించింది, ఒళ్ళో కాగితాల సంచీతో.

పాప ఇప్పుడు పెద్ద బడికి పోతోంది. పట్టీ మీద పొడుగు మేజోడు వేసుకుంటుంది. కుంటుతుంది, ఉరుకుతుంది కూడా. మొన్న సందూక తెరిచి కార్డు తీసి చూసింది. “ఇదేంది దాదీ, ఇట్ల అతికిచ్చినవు?” అని అడిగింది. అమ్మీ కార్డు చేతిలోకి తీసుకొని, గళ్ళు ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించింది. “ఇది నువ్వు పుట్టిన్నాడు. ఇది ఆరు వారాలకు. ఇది పదికి. అన్నీ ఏయించినం బిడ్డా. ఒక్కటి గూడ ఇడిసిపెట్టలె.”

ఎవరూ అడగకుండానే జవాబు చెప్పడం అమ్మీకి అప్పటినుంచే అలవాటైపోయింది.